నలభై దాటని రాజుగారి వక్కల పెట్టె

ఒకానొక రాజ్యం ఉండేది, పేరు మేలుకొండ. అక్కడ వానలు వేళకు కురిసేవి, పంటలు వేళకు పండేవి, పిల్లలు వేళకు పెద్దవాళ్ళయ్యేవారు. ఒక్క రాజుగారికి మాత్రం వయసు వేళకు వచ్చేది కాదు.

ఆ రాజుగారి పేరు బాలభూపతి. ఆయనకు నలభై ఏళ్ళు. కిందటేడు అడిగినా నలభయ్యే, అంతకుముందేడు అడిగినా నలభయ్యే. ఎన్నేళ్ళుగా నలభై అని అడిగే మొనగాడు రాజ్యంలో లేడు. ఒకసారి ఆస్థాన క్షురకుడు వీరన్న పని చేస్తూ చేస్తూ, "ప్రభూ, ఇక్కడొక తెల్ల వెంట్రుక!" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు. సాయంత్రానికల్లా మూటాముల్లే సర్దుకుని పొలిమేర దాటాడు. రాజుగారి వయసును నలభై దాటించినవాడు పొలిమేర దాటాలి. అదీ అక్కడి శాసనం.

మేలుకొండలో తాతలనాటి ఆచారం ఇంకొకటి ఉంది. రాజు పుట్టినరోజున ఆయుష్షు వనం నాటాలి. రాజుకు ఎన్నేళ్ళు నిండితే అన్ని వరుసలు, వరుసకు అన్నేసి మొక్కలు. మూడేళ్ళ పసివాడు గద్దె ఎక్కితే మూడు వరుసలు, వరుసకు మూడు, వెరసి తొమ్మిది మొక్కలన్నమాట. ఈ లెక్కలో ఎన్నేళ్ళు తగ్గించి నాటితే అన్నేళ్ళూ ఆయుష్షులోంచి తగ్గిపోతాయని పెద్దలు చెప్పారు.

మనుషుల దగ్గర ఎన్ని కోతలైనా కోయొచ్చు. యముడి దగ్గర కోస్తారా ఎవరైనా? అందుకని బాలభూపతి వనంలో మొక్కలు అసలు లెక్కకే నాటించేవాడు. చుట్టూ మాత్రం నిలువెత్తు తడికలు కట్టించి, దిష్టి తగులుతుందని చెప్పి, చీమను కూడా తొంగి చూడనిచ్చేవాడు కాదు.

విక్రమ నామ సంవత్సరంలో ఆయనగారికి ఒక కోరిక పుట్టింది. ఇంత పెద్ద వనం నాటుతున్నాను, ఎన్ని మొక్కలో లోకానికి చాటుకోవద్దూ? చాటితే లెక్క తెలిసినవాడెవడో వరుసలు విప్పి వయసు పట్టేస్తాడు. చాటకపోతే కడుపుబ్బరం. ఆలోచించి ఆలోచించి ఆయన ఒక యుక్తి పన్నాడు. ప్రతి వరుస చివరా దైవభాగం అని పేరుపెట్టి మరికొన్ని మొక్కలు కలిపాడు. వరుసకు ఎన్ని కలిపాడో కన్నతల్లికీ చెప్పలేదు, ఆస్థాన గణకుడు సోమయాజికీ చెప్పలేదు. ఇక భయం దేనికి? మర్నాడే దండోరా వేయించాడు.

"ఈ ఏటి ఆయుష్షు వనానికి రెండు వేల ఎనిమిది వందల ఎనభై పొగడ మొక్కలహో! తూర్పు దిక్కున, గాజుల వీధి పక్కనే వనమహో! దైవభాగం ఎంతవరకు వస్తుందో దేవరహస్యం కాబట్టి గాజుల వీధి మొత్తం ఖాళీ చెయ్యాలహో!"

దండోరా వినగానే గాజుల వీధిలో కొలిమి తిత్తులు ఆగిపోయాయి.

ఆ వీధివాళ్ళకు చూపించిన కొత్త చోటు రాళ్ళదిబ్బ. గాజు కరగాలంటే వాగు ఇసుక కావాలి, చౌడు మన్ను కావాలి. రెండూ ఆ వీధి వెనకాలే ఉన్నాయి. రాళ్ళదిబ్బ మీద ఏముంది, రాళ్ళు తప్ప? అక్కడికి వెళ్ళడమంటే తరతరాల పనిని వదిలేసి కూలికి పోవడమే.

ఆ వీధిలో పుట్టి, రాజుగారి కొలువులో కథలు చెప్పుకునే మనిషి ఒకావిడ ఉంది. పేరు కోనాంబ. చేతుల నిండా గాజులు, నోటి నిండా మాటలు. రాజమాత అక్కలదేవికి ఆమె అంటే ప్రాణం. రాజుగారికి ఆమె అంటే ఇష్టమూ ఉంది, లోలోపల కాస్త జంకూ ఉంది. కోనాంబను పెంచింది మేనత్త మల్లసాని. దండోరా విన్న ముసలామె కొలిమి ముందు కూలబడి లేవనంటే లేవనంది. కోనాంబ చెంగు బిగించి తిన్నగా కొలువుకి నడిచింది.

"ప్రభూ, దైవభాగం పడమటి వైపు నాటిస్తే ఏం పోతుంది? అటు వట్టి పచ్చిక బయలేగా. మా వీధి నిలబడుతుంది" అంది.

"తూర్పు దేవతల దిక్కు" అన్నాడు బాలభూపతి, మీసం దువ్వుకుంటూ. "అయినా దైవభాగం ఎంతో నీకు తెలుసా? వీధి వరకు వస్తుందో, వీధి దాటుతుందో తెలుసా?"

"తెలియదు."

"తెలియని దాని మీద తగువేమిటి నీకు?"

కొలువులో కొందరు కిసుక్కుమన్నారు. కోనాంబకు ఒళ్ళు మండిపోయింది. "తెలుసుకుంటే?" అంది.

రాజుగారి కళ్ళు మెరిశాయి. ఆయనకు పందేలంటే పిచ్చి. "అయితే వక్కల పందెం! పుట్టినరోజు సభలో దైవభాగం వరుసకెన్నో చెప్పు. ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, గుడ్డిగా రాయి విసిరితే ఒప్పుకోను. గెలిస్తే దైవభాగం పడమటికి మారుస్తాను. ఓడితే వీధితోపాటు నీ కథల పీటా రాళ్ళదిబ్బకే!"

వక్కల పందెం అంటే ఏమిటో చెప్పాలి కదా. మేలుకొండలో ఎవరైనా అంకెను దాచి పందెం కడితే, దాచినవాళ్ళు అన్ని వక్కలు వెండి పెట్టెలో పోసి లక్కతో మూసెయ్యాలి. తేల్చే రోజున ఆ పెట్టెను నలుగురి ముందూ తెరిచి ఎంచాలి. రాజైనా అంతే. బాలభూపతి అప్పటికప్పుడు లోపలికెళ్ళి, ఒంటరిగా వక్కలు పోసి, లక్క వేసి, పెట్టె తెచ్చి సింహాసనం పక్కన పెట్టుకున్నాడు. వస్తూ వస్తూ ఒక నవ్వు నవ్వాడు.

ఆ నవ్వు కోనాంబ కంట పడింది. ఆమెకు నచ్చలేదు.

గణకుడు సోమయాజి జాలిగా తల ఊపాడు. "అమ్మాయీ, ఇందులో వరుసల సంఖ్యను దానితో దాన్నే హెచ్చవేయాలి, మళ్ళీ దాన్ని ఎవరికీ తెలియని అంకెతో హెచ్చవేసి కలపాలి. ఇలాంటి లెక్కలు చూస్తే నాకే చెమటలు పడతాయి. వెళ్ళి రాజమాతగారి కాళ్ళు పట్టుకో."

"కాళ్ళు పట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే స్వామీ. ముందు లెక్క పట్టుకుంటాను" అని ఆమె వచ్చేసింది.

వీధికి వచ్చేసరికి చుట్టుపక్కల వాళ్ళందరూ మూగారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, తిట్టేవాళ్ళు తిడుతున్నారు. "రాజుతో పందెమా, నీకేమైనా మతి పోయిందా?" అన్నారు. కోనాంబ కొలిమి ముందు బాసింపట్టు వేసుకుని ఒక బొగ్గుముక్క తీసుకుంది.

"అత్తా, లెక్క తేలేదాకా నేను ఇక్కణ్ణించి లేవను. నువ్వు లేవమన్నా లేవను" అంది.

ఆమె ఇలా ఆలోచించింది. ఇందులో తెలియనిది దైవభాగం ఒక్కటే. వరుసలెన్నో తెలుసు, రాజుగారి వయసే కదా, నలభై. తెలియని దాని వెనకాల పరుగెత్తడం ఎందుకు? తెలిసిన దాన్ని దాని చోట కూర్చోబెడితే తెలియనిది తనే బయటికొస్తుంది. వరుసకు నలభై చొప్పున నలభై వరుసలకు పదహారు వందలు. రెండు వేల ఎనిమిది వందల ఎనభైలోంచి అవి తీసేస్తే పన్నెండు వందల ఎనభై మిగిలాయి. ఆ మిగిలినవే దైవభాగం. వాటిని నలభై వరుసలకూ పంచితే వరుసకు ముప్ఫై రెండు.

"తేలిపోయింది!" అని అరిచింది. వీధివాళ్ళు పొంగిపోయారు.

కానీ బొగ్గు కింద పెట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. ఇంత తేలికా? నలభై అని రాజ్యమంతా ఎరుగును. ముప్ఫై రెండని ఎవరైనా చెప్పేస్తారే! మరి ఆ మహానుభావుడు అలా ఎందుకు నవ్వాడు?

మల్లసాని అప్పటిదాకా రాజుని తిడుతూనే ఉంది. "వీడు కడుపులో ఉన్నప్పుడు వాళ్ళమ్మ సీమంతానికి చేతులకు గాజులు తొడిగింది నేనే! నా పెద్దాణ్ణి చంకనేసుకుని వెళ్ళి తొడిగాను. ఇద్దరూ నందన నామ సంవత్సరంలోనే పుట్టారు. నా బిడ్డేమో చల్లగా కొలిమి చూసుకుంటున్నాడు, ఈ మహారాజేమో ఆ కొలిమిలోనే నీళ్ళు పోస్తున్నాడు!"

కోనాంబ గిరుక్కున తిరిగింది. "ఏమన్నావత్తా? నందనా?"

"నందనే! ఆ ఏడాది పుట్టాడనే కదా మావాడికి నందయ్య అని పేరెట్టుకున్నాను. మరిచిపోతానా?"

కోనాంబ వేళ్ళ కణుపుల మీద సంవత్సరాల పేర్లు లెక్కపెట్టింది. నందన నుంచి విజయ, జయ, మన్మథ అంటూ అక్షయ దాకా వచ్చేసరికి ముప్ఫై నాలుగేళ్ళు గడిచాయి. మళ్ళీ ప్రభవతో మొదలుపెట్టి విక్రమ దాకా వస్తే ఇంకో పద్నాలుగు. మొత్తం నలభై ఎనిమిది.

"హమ్మ రాజా!" అంది పైకే.

నలభై చెరిపేసి నలభై ఎనిమిదిని ఆ చోట కూర్చోబెట్టింది. నలభై ఎనిమిది వరుసలు, వరుసకు నలభై ఎనిమిది, అంటే రెండు వేల మూడు వందల నాలుగు. మొత్తంలోంచి తీసేస్తే అయిదు వందల డెబ్బై ఆరు. వాటిని నలభై ఎనిమిది వరుసలకూ పంచింది. వరుసకు పన్నెండు, ఒక్కటి ఎక్కువా లేదు, ఒక్కటి తక్కువా లేదు. ద్వాదశాదిత్యుల పేర పన్నెండు! దైవభాగం అంటే ఇంతకన్నా ఏం కావాలి?

"అయితే పన్నెండని చెప్పెయ్యవే!" అంది మల్లసాని.

"ఎలా వచ్చిందో చెప్పాలిగా అత్తా. రాజుకు నలభై ఎనిమిదని నోరు విప్పితే నేను పొలిమేర దాటాలి. పొలిమేర దాటినదాని పందెం ఎవరు చెల్లిస్తారు? మీరంతా రాళ్ళదిబ్బెక్కాలి."

"పోనీ ముప్ఫై రెండను."

"పెట్టెలో ఉన్నవి పన్నెండు. ఓడిపోతాను."

మల్లసాని నెత్తి కొట్టుకుంది. "ఇదెక్కడి గోలే తల్లీ, ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి!"

అప్పటికి తెలిసింది కోనాంబకు ఆ నవ్వెందుకో. పోకచెక్కను అడకత్తెరలో పెట్టి నొక్కినట్టు ఎటూ కదలకుండా పెట్టేశాడు మహారాజు. ఆమెకు కోపం వచ్చింది. ఆ వెంటనే, ఎందుకో, ఆయన తెలివికి కాస్త ముచ్చట కూడా వేసింది. అడకత్తెర మంచిదే. కానీ దాన్ని నొక్కే చెయ్యి కూడా రెండు రెక్కల మధ్యనే పెట్టాడాయన!

ఆమె కొలిమిలో ఎర్రగా కాగుతున్న గాజుముద్ద వైపు చాలాసేపు చూసింది. తర్వాత లేచి చీర దులుపుకుంది.

"అత్తా, నాకు పన్నెండు గాజులు చెయ్యి. పచ్చవి, రాజమాత చేతి కొలతకి. ఆ కొలత నీకు తెలుసుగా."

"ఎందుకే?"

"నేను సభలో ఓడిపోబోతున్నాను. వట్టి చేతులతో వెళ్ళి ఓడిపోతే ఏం బాగుంటుంది?"

మల్లసాని తెల్లబోయి చూసింది. "ఓడిపోతావా? నా కడుపున పుట్టకపోయినా నిన్ను ఓడిపోవడానికి పెంచలేదే నేను!" అంటూనే తిత్తి ఊదింది. తిడుతూ ఊదింది గానీ, గాజులు మాత్రం దివ్యంగా కుదిరాయి.

పుట్టినరోజు నాటి ఉదయం కోనాంబ రాజమాత మందిరానికి వెళ్ళి, ఆమె చేతులకు ఆరేసి చొప్పున ఆ పచ్చ గాజులు తొడిగింది. అక్కలదేవి మురిసిపోయింది. "ఇదేమిటే, పన్నెండుతో సరిపెట్టావు? చేతి నిండా తొడగొచ్చు కదా!"

"ఇవాళ్టికి అంతేనమ్మా. ఎందుకో సభలో చెబుతాను. అప్పటిదాకా ఒక్కటి కూడా తియ్యకండి, ఒక్కటి కూడా కలపకండి."

"సరేలే. నీ కథలన్నీ ఇంతే, చివరిదాకా చంపుతావు" అని నవ్వింది రాజమాత.

సభ క్రిక్కిరిసిపోయింది. ఒక వైపు గాజుల వీధివాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తెర వెనక రాజమాత కూర్చుంది. బాలభూపతి కొత్త తలపాగా చుట్టుకుని, నల్లగా నిగనిగలాడే మీసంతో వచ్చాడు. ఆ మీసం అంత నల్లగా ఎందుకుందో చెబితే నేనూ పొలిమేర దాటాలి, వదిలెయ్యండి.

"ఏం కోనాంబా, వక్కలు లెక్కపెట్టావా, మూట కట్టుకున్నావా?" అన్నాడు రాజు.

"ఒక్క సందేహం ప్రభూ. అది తీరిస్తే చెబుతాను. వనంలో వరుసలెన్ని?"

"ఆచారం తెలియదా? నా వయసెంతో అన్ని."

"ఏలినవారి వయసు ఏలినవారి నోటితో వింటే నాకు ధైర్యంగా ఉంటుంది."

ఇంత చిన్న ప్రశ్నకు వెనకాడితే బాగుండదు. పైగా సభంతా చూస్తోంది. "నలభై!" అన్నాడు బాలభూపతి గొంతు పెంచి. "నలభై, నలభై! ఇంకోసారి చెప్పాలా?"

"చాలు ప్రభూ. రాజు మాటకు రెండో మాట లేదు." కోనాంబ గణకుడి వైపు తిరిగింది. "సోమయాజిగారూ, మీరే సాక్షి. నలభై వరుసలకు పదహారు వందలు. మొత్తంలోంచి తీస్తే పన్నెండు వందల ఎనభై. నలభై వరుసలకు పంచితే?"

సోమయాజి వేళ్ళు ఆడించాడు. ఆయన ముఖం విప్పారింది. "ముప్ఫై రెండు! భలే అమ్మాయీ! తెలిసిన దాన్ని ఉంచి తెలియని దాన్ని రాబట్టావు. నిక్షేపంలాంటి పద్ధతి!"

"నా జవాబు అదే ప్రభూ. దైవభాగం ముప్ఫై రెండు."

బాలభూపతి సింహాసనం అదిరేలా నవ్వాడు. పులి నోట్లోకి మేక తనంత తనే నడిచి వచ్చింది కదా! గెలుపు కళ్ళ ముందుంటే ఎవరికైనా ఒళ్ళు తెలియదు. ఆయనే లేచి, స్వయంగా లక్క విరిచి, పెట్టె తెరిచి, ఒక్కొక్క వక్కే పళ్ళెంలో టంగుటంగున వేస్తూ ఎంచాడు.

"...పది, పదకొండు, పన్నెండు! చూశారా? పన్నెండు! ద్వాదశాదిత్యుల పేర పన్నెండు! నువ్వు చెప్పింది తప్పు కోనాంబా. ఓడిపోయావు!"

గాజుల వీధివాళ్ళలో ఎవరో ఘొల్లుమన్నారు. మల్లసాని మొగుడి పేరూ దేవుడి పేరూ కలిపి తలుచుకుంది.

కోనాంబ మాత్రం కదలలేదు. "ఓడాను ప్రభూ. అయితే ఎక్కడ తప్పానో తెలుసుకుని మరీ వెళ్తాను. సోమయాజిగారూ, మహారాజుగారి పెట్టె తప్పు చెప్పదు. దైవభాగం పన్నెండే. మరి రెండు వేల ఎనిమిది వందల ఎనభై మొక్కలూ సరిపోవాలంటే వరుసలెన్ని ఉండాలి? ఇది నావల్ల అయ్యే లెక్క కాదు. మీలాంటి పండితులే చెయ్యాలి."

పాపం సోమయాజి! మంచి లెక్క కనబడితే ఆయనకు సభ కనబడదు, రాజు కనబడడు. పలక ఒళ్ళో పెట్టుకుని సుద్ద గీసేశాడు. "పన్నెండులో సగం ఆరు. ఆరార్లు ముప్ఫై ఆరు. దాన్ని మొత్తానికి కలుపుదాం, రెండు వేల తొమ్మిది వందల పదహారు. దీని వర్గమూలం... ఆగండాగండి... ఏభై నాలుగు! ఆహా! అందులోంచి ఆ ఆరు తీసేస్తే..."

"సోమయాజీ!" అన్నాడు రాజు. ఏదో కాలుతున్న వాసన అప్పుడు తగిలిందాయనకు.

"ఇదిగో ప్రభూ, అయిపోయింది! నలభై ఎనిమిది! వరుసలు కచ్చితంగా నలభై ఎనిమిది!" అని పలక పైకెత్తి సభంతా కనబడేలా చూపించాడు పండితుడు.

ఆ మాట అయ్యాక సభలో ఎవరూ దగ్గలేదు, తుమ్మలేదు. సోమయాజికి తానేమన్నాడో అప్పుడు వినబడింది. పలకను మెల్లగా దించి ఉత్తరీయం కింద దాచుకున్నాడు. బాలభూపతి తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు. పైగా గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి తనంత తనే మీసం మీదికి పోయింది.

కోనాంబ చేతులు జోడించింది.

"మహారాజా, ఏలినవారి వయసు గురించి నేను ఒక్క మాట అనలేదు. నలభై అన్నది మీరు. నేను మీ మాట నమ్మి లెక్క కట్టాను. పన్నెండు చూపించింది మీ పెట్టె. నలభై ఎనిమిది అన్నది మీ పండితుడు. మీ మాట నిజమైతే దైవభాగం ముప్ఫై రెండు, నేను గెలిచాను. మీ పెట్టె నిజమైతే, రాజు మాట నమ్మడమే నేను చేసిన తప్పు. అది నేరమంటే ఇప్పుడే మూట కట్టుకుంటాను. మీ మాట నిజమా ప్రభూ, మీ పెట్టె నిజమా? మీరేదంటే అదే."

రాజు రెండు వైపులా లెక్క వేసుకున్నాడు. తన మాటే నిజమంటే వీధి దక్కాలి. పెట్టే నిజమంటే నలభై ఎనిమిది ఒప్పుకోవాలి, ఒప్పుకుని రాజు మాట నమ్మినదాన్ని శిక్షించాలి. లోకం ఏమంటుంది? ఇన్నాళ్ళూ ఇతరుల కోసం పెట్టిన అడకత్తెరలో ఇప్పుడు తన వేలే ఉంది.

అంతలో తెర వెనక నుంచి ముందు ఒక చిన్న నవ్వు వినిపించింది. దాన్ని ఆపుకోవాలని చూస్తున్నట్టు గాజుల గలగల. ఆపుకోలేక చివరికి రాజమాత తెర తొలగించి బయటికే వచ్చేసింది, పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"ఒరే నాయనా! నిన్ను కన్నదాన్ని నేను. నీతోపాటు ఏటా నలభై నలభై అని చెప్పీ చెప్పీ నా నాలుక అరిగిపోయిందిరా. మల్లసాని నాకు సీమంతం గాజులు తొడిగినప్పుడు నువ్వు కడుపులో ఒక్క తన్ను తన్నావు. అదిగో, ఇవాళ కూడా తన్నావు, వాళ్ళ వీధినే తన్నావు!"

సభలో ఒక మూల కిసుక్కుమంది, ఇంకో మూల కిసుక్కుమంది. రాజుగారి ముఖం ఎర్రబడింది. కోపమో సిగ్గో ఆయనకే తెలియలేదు. అంతలో తల్లి చేతులు కళ్ళబడ్డాయి.

"ఆ గాజులు కొత్తవా అమ్మా?"

"పొద్దున్నే కోనాంబ తొడిగింది. పన్నెండే తొడిగింది, ఒక్కటి కూడా కలపవద్దంది. ఎందుకే అంటే సభలో చెబుతానంది" అని ఆవిడ కోనాంబ వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఓసి నీ తెలివి తగలెయ్యా! పొద్దున్నే తెలుసా నీకు!"

బాలభూపతి తల్లి చేతి గాజులు ఎంచాడు. పళ్ళెంలో వక్కలు ఎంచాడు. మళ్ళీ గాజులు ఎంచాడు.

"పన్నెండని నీకు ముందే తెలుసా?" అన్నాడు నెమ్మదిగా.

"తెలుసు ప్రభూ."

"మరి తెలిసి తెలిసి ముప్ఫై రెండని ఎందుకన్నావు? ఎందుకు ఓడిపోయావు?"

"పన్నెండని గెలిస్తే లెక్క నేను చెప్పాలి, పొలిమేర నేను దాటాలి. ఓడిపోతే లెక్క మీరే చెప్పాలి. అందుకని ఓడిపోయాను" అంది కోనాంబ. "పేరు కోసమైతే గెలిచేదాన్ని ప్రభూ. వీధి కోసం ఓడాను."

రాజు భుజాలు కదిలాయి. పొట్ట కదిలింది. పెద్దగా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆ నవ్వుకి కొత్త తలపాగా పక్కకు ఒరిగి, చెవి పైన తెల్లటి పాయ ఒకటి బయటపడింది. సర్దబోయిన సేవకుణ్ణి చేత్తో ఆపేశాడు.

"ఉండనియ్! అదీ నాదేగా" అన్నాడు. "ఎనిమిదేళ్ళుగా పొట్ట బిగబట్టి నలభైలో నిలబడ్డానర్రా! ఇవాళ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. సోమయాజీ, పలక దాచకు, బయటికి తియ్యి. దైవభాగం పడమటి వైపు నాటించండి. దానికేమైనా శాస్త్రం అడ్డొస్తుందా?"

సోమయాజి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పడమర వరుణుడి దిక్కు ప్రభూ! మొక్కలకు నీళ్ళ దేవుణ్ణి మించిన దేవుడెవరు? అసలు మొదటి నుంచీ అటే నాటాల్సింది!"

సభ గొల్లుమంది. గాజుల వీధివాళ్ళు నవ్వుతూ ఏడ్చారు. మల్లసాని మాత్రం ఉత్త ఏడుపే ఏడ్చింది, ముక్కు చీదుకుని మరీ.

బాలభూపతి వెండి పెట్టెను వక్కలతో సహా కోనాంబ చేతిలో పెట్టాడు. మెడలోని ముత్యాల హారం తీసి ఇచ్చాడు. "ఇంకేం కావాలో కోరుకో. ఇవాళ కాదనను."

"గాజుల వీధి మళ్ళీ ఎవరి పుట్టినరోజుకీ కదలకూడదు ప్రభూ. అదొకటి. రెండోది, తెల్ల వెంట్రుక చూపించాడని పంపేశారే వీరన్న, అతన్ని పిలిపించండి. అతను అబద్ధం చెప్పలేదు కదా."

"పిలిపిస్తాను. ఇక పని కూడా చాలా ఉంది అతనికి" అన్నాడు రాజు, చెవి పైన పాయ తడుముకుంటూ. ఏదో గుర్తొచ్చినట్టు తల్లి వైపు తిరిగాడు. "అవునమ్మా, నాకు నలభై ఎనిమిదైతే మరి నీకెన్ని?"

అక్కలదేవి నవ్వు ఠక్కున ఆగిపోయింది. "పెద్దవాళ్ళను అడిగే ప్రశ్నేనా అది? సిగ్గులేదూ!" అని గాజులు గలగలలాడించుకుంటూ తెర వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గాజుల వీధిలో ఆగిన తిత్తులన్నీ ఒక్కసారిగా మళ్ళీ ఊదారు. కోనాంబ అత్త పక్కన కూర్చుని పెట్టె తెరిచి పన్నెండు వక్కలూ పంచింది. మల్లసాని ఒకటి బుగ్గన పెట్టుకుని, "ఎంత తియ్యగా ఉందే! రాజుగారి వక్క కదూ" అంది.

"కాదత్తా, దైవభాగం" అంది కోనాంబ.

మరుసటి ఏడు పుట్టినరోజుకి వనం చుట్టూ తడికలు కట్టలేదు. దండోరా వేసేవాడు ఊరంతా తిరిగి తిరిగి, చివరికి గాజుల వీధి మొగలో నిలబడి గొంతెత్తాడట. "మహారాజుగారికి నలభై తొమ్మిదహో! వరుసలు వచ్చి లెక్కపెట్టుకోదలచినవాళ్ళు లెక్కపెట్టుకోవచ్చహో!"